రేడియోకూ ఒక చెరువు

పిల్లలూ! కాకినాడలో బస్సు ఎక్కి సుమారు 30 కిలోమీటర్లు ప్రయాణం చేస్తే రామచంద్రపురం వస్తుంది. దారి పొడుగునా వరిచేలు, కాలువలు, కొబ్బరితోటలు. ఊరి చుట్టుపక్కల ఒక్క కొండ కూడా లేదు.

కొండ లేకపోతే ఏమయిందంటారా? పోలీసులు, సహాయ దళాలవారు వాడే వైర్‌లెస్ సెట్ల తరంగాలు దాదాపు సూటిగా పోతాయి. కొండసీమలో యాంటెన్నాను కొండమీద నిలబెడతారు. ఇక్కడ ఎత్తయిన ఇనుప టవరు కట్టక తప్పదు. ఆ టవరుకు కరెంటు తోటల మధ్యనుంచి తీగల మీద రావాలి. పెద్దగాలికి ఒక్క కొబ్బరిచెట్టు విరిగిపడితే చాలు, తీగ తెగిపోతుంది.

ద్రాక్షారామం దాటి కోటిపల్లి రేవుకు వెళ్ళండి. అక్కడ గౌతమి కనిపిస్తుంది. ఆ నదిలో లంకలున్నాయి. మామూలు రోజుల్లో లంకకు పడవ మీద వెళ్ళడం ఎంత పని? వరదలో మాత్రం పడవ కదలదు. మూడు రోజులు పడవ ఆగిపోతే, లంకలో ఉన్న రేడియో మనకు మూడు రోజుల దూరాన ఉన్నట్టే. దానికి కావలసిన బ్యాటరీని ఆ రోజుల లెక్కతోనే ఎన్నుకోవాలి.

ఈ సంగతి నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి పెద్ద తుపాను కాకినాడకు దక్షిణంగా తీరం దాటింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. అప్పుడు నేను రామచంద్రపురం దగ్గర ఒక పల్లెలో సైన్సు మాస్టారిని. జనమంతా మా బడిలో తలదాచుకున్నారు. ఇద్దరు కుర్రవాళ్ళు వైర్‌లెస్ సెట్టు తెచ్చి, "మాస్టారూ, బ్యాటరీ ఏదైనా ఉన్నదా?" అని అడిగారు. నేను ఊళ్ళోకెల్లా పెద్ద బ్యాటరీ చూసి, ఒక రైతు ట్రాక్టరుది ఊడదీయించాను. మర్నాటికల్లా సెట్టు మూగబోయింది. మందులు కావాలన్న కబురు సగంలోనే ఆగిపోయింది. పడిపోయిన చెట్లు దాటుకుంటూ ఒకాయన నడిచివెళ్ళి ఆ కబురు చెప్పి వచ్చాడు. మంచినీళ్ళు తేవలసిన ట్రాక్టరునేమో నలుగురం తోసి స్టార్టు చేయవలసివచ్చింది. తప్పు పూర్తిగా నాదే.

ఎందుకలా జరిగింది? ట్రాక్టరు బ్యాటరీలో సీసపు పలకలు పలుచగా ఉంటాయి. ఇంజను తిరిగేందుకు కొద్ది క్షణాలు చాలా కరెంటు ఇవ్వడమే దాని పని. గంటల తరబడి కొంచెం కొంచెంగా ఇవ్వడానికి అది తగదు. అందుకు వేరే బ్యాటరీలున్నాయి. ట్యూబులర్ బ్యాటరీ అలాంటిదే.

ఇక ఎంత పెద్దది కావాలి? మన డెల్టాలో ఎండాకాలం కాలువలు కట్టేస్తారు గదా! అంతకుముందే ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకుంటాం. కాలువ ఎన్నాళ్ళు రాదో, ఇంటికి రోజుకు ఎన్ని బిందెలు కావాలో తెలిస్తే ఎంత చెరువు కావాలో చెప్పవచ్చు. బ్యాటరీకీ ఇదే లెక్క.

ఒక 12 వోల్టుల సెట్టు వింటూ ఉన్నప్పుడు అర ఆంపియరు, మాట్లాడేటప్పుడు 5 ఆంపియర్లు తీసుకుంటుందనుకోండి. గంటలో 6 నిమిషాలు మాట్లాడి, తక్కిన 54 నిమిషాలు వింటారు. అంటే రోజుకు మాటలకు 2.4 గంటలు, వినడానికి 21.6 గంటలు. మాటలకు 12, వినికిడికి 10.8, మొత్తం సుమారు 23 ఆంపియర్-గంటలు. మూడు రోజులకు 69. సీసపు బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది. కనుక రెట్టింపు చేయండి: 138. అంగడిలో 150 దొరుకుతుంది. అదే తీసుకోవాలి.

లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ అయితే ఇంకా ఎక్కువ భాగం వాడుకోవచ్చు. బరువు తక్కువ కనుక పడవలో తీసుకుపోవడమూ సులువే. కాని ఖరీదు ఎక్కువ, దానికి తగిన ఛార్జరూ ఉండాలి.

బ్యాటరీ ఇచ్చేది డి.సి. కరెంటు, సెట్టుకు కావలసిందీ అదే. మధ్యలో ఇన్వర్టరు పెట్టి ఏ.సి.గా మార్చి, మళ్ళీ డి.సి. చేయడమెందుకు? బిందెలోంచి బిందెలోకి పోసినకొద్దీ నీళ్ళు ఒలికిపోతాయి. నేరుగా కలిపితే నష్టం తక్కువ. కరెంటున్నంతకాలం ఛార్జరు బ్యాటరీని నింపుతూనే ఉండాలి. అప్పుడు కరెంటు పోయినా సెట్టు ఒక్క క్షణం ఆగదు. సెల్‌ఫోను టవర్ల కింద కూడా ఇదే ఏర్పాటు: 2 వోల్టుల సెల్లులు 24 వరసగా కలిపితే 48 వోల్టులు.

బ్యాటరీని వరదనీరు అందని ఎత్తున పెట్టాలి. సీసపు బ్యాటరీ ఛార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. అది మండే వాయువు. అందుచేత గదిలోకి గాలి ధారాళంగా రావాలి, దగ్గర నిప్పు ఉండకూడదు.

ఇప్పుడు మీకొక లెక్క. లంకకు నాలుగు రోజులు పడవ రాదనుకుంటే ఆ సెట్టుకు ఎంత బ్యాటరీ కావాలి? 150 సరిపోతుందా? కాగితం మీద వేసి మీ నాన్నగారికి చూపించండి. తుపాను రాకముందే వేయవలసిన లెక్క ఇది!