మంచు తాగి పండే ఊరు

హైదరాబాద్ నుంచి ముంబయి వెళ్లే దారిలో పటాన్‌చెరు దాటేదాకా నగరం వదిలినట్టే ఉండదు. ఫ్యాక్టరీలు, అపార్ట్‌మెంట్లు, వరసకట్టిన లారీలు. సంగారెడ్డి, సదాశివపేట కూడా వెనక్కి వెళ్లాక ఆకాశం కాస్త పెద్దదవుతుంది. నేల రంగు మారుతుంది. ఒకచోట ఇటుకపొడి చల్లినట్టు ఎర్రగా, మరోచోట కాటుకలా నల్లగా! సుమారు వంద కిలోమీటర్ల ప్రయాణం తర్వాత జహీరాబాద్. అక్కడ పెద్దరోడ్డు దిగి ఝరాసంగం వైపు తిరిగితే వాహనాల రొద ఆగిపోతుంది. చెరకు బండ్లు, మేకల మందలు, రోడ్డు మీద ఆరబోసిన కందికాయలు ఎదురొస్తాయి. ఆ పల్లెల నడుమ ఒదిగి ఉంటుంది మాచనూరు.

చూడ్డానికి అన్ని పల్లెల్లాంటిదే. కోనసీమలా కొబ్బరితోటలు లేవు, అరకులా కొండలు లేవు. కాలువలు లేవు. కెమెరా చేతపట్టుకుని వెళ్లినవాళ్లకు మొదటి అరగంటలో తీయడానికి ఏమీ కనిపించకపోవచ్చు. ఊరి అందం చేలల్లో ఉంది. అదీ నిలబడి చూస్తేనే!

ఒక్క ఎకరం... ఇరవై పంటలు

వానాకాలంలో వెళ్తే ఇక్కడి చెలకను చూసి కొత్తవాళ్లు కలుపు తీయలేదేమో అనుకుంటారు. జొన్న పక్కన కంది, కంది సందున సజ్జ, కింద పెసర, మినుము, వాటి మీదికి పాకుతూ అలసంద, అనుము. మధ్యమధ్యలో కొర్ర, సామ, నువ్వు, పుంటికూర. ఎకరం చేలో పదిహేను, ఇరవై రకాలు కలిసి పండటం ఇక్కడి మహిళా రైతులకు మామూలు విషయం.

చూసేవాళ్లకు గందరగోళంగా అనిపించినా దాని వెనక గట్టి లెక్కే ఉంది. పెసర రెండు నెలలు దాటగానే చేతికొస్తుంది. కొర్ర మూడు నెలల్లోపే. ఆ తర్వాత జొన్న. కంది మాత్రం చలికాలం దాకా చేలోనే నిలబడుతుంది. అంటే ఒక్కసారి దున్ని, ఒక్కసారి విత్తి, నాలుగైదు విడతల్లో ఇంటికి గింజ తెచ్చుకోవడం! వాన ముందు మొహం చాటేస్తే పెసర పోవచ్చు. కానీ వేరు లోతుకు దించిన కంది బతుకుతుంది. వాన చివర్లో దెబ్బకొడితే అప్పటికే పెసర ఇల్లు చేరి ఉంటుంది. ఏ ఏడాదీ చేను పూర్తిగా చేయివ్వదు. పప్పుజాతి మొక్కలు గాలిలోని నత్రజనిని వేళ్ల బుడిపెల్లో పట్టి నేలకిస్తాయి. యూరియా బస్తా ఖర్చు మిగులుతుంది. భూమి మీద పరుచుకున్న అలసంద తీగ ఎండ తగలనివ్వక చెమ్మ కాస్తుంది. పెద్ద పెద్ద పుస్తకాల్లో రాసేదంతా ఒక ఎకరం చెలకలో కనిపిస్తుంది.

చలికాలంలో వెళ్తే మరో వింత. వానలు వెనక్కి తగ్గాక నల్లరేగడిలో విత్తే తెల్లజొన్న, శనగ, కుసుమ, అవిశెలకు ఇక్కడ ఒక పేరుంది... ‘సత్యం పంటలు’. బోరు లేదు, కాలువ లేదు, మళ్లీ వాన రాదు. రాత్రి కురిసే మంచు, భూమి సత్యం మీద నమ్మకం... వీటితోనే పండుతాయని ఆ పేరు. నల్లరేగడి వానాకాలమంతా తాగిన నీటిని కడుపులో దాచుకుని నెలల తరబడి కొద్దికొద్దిగా వదలడమే అందులోని కిటుకు. పొద్దున్నే చేలోకి వెళ్తే ఆకుల మీది మంచుకు కాళ్లు మోకాళ్ల దాకా తడుస్తాయి. చేను చుట్టూ కంచెలా ముళ్ల కుసుమ. పశువు మూతి పెట్టదు. పువ్వు పూస్తే పసుపు, నారింజ రంగుల అంచు దిద్దినట్టుంటుంది.

విత్తని కూరలు

చేలో పండేవి ఒక ఎత్తు. ఎవరూ విత్తకుండా మొలిచేవి మరో ఎత్తు. తుమ్మికూర, దొగ్గలికూర, జొన్నచెంచలి, పొనగంటి, అడవి పుల్లకూర... ఇలా పదుల సంఖ్యలో ఆకుకూరలు పంటల మధ్య తమంతట తామే వస్తాయి. పట్నం వ్యవసాయ పాఠంలో వీటన్నిటికీ ఒకటే పేరు... కలుపు! ఇక్కడ అదే కూర. కూలి దొరకని రోజుల్లో పేదింటి పొయ్యి మీద ఉడికే గిన్నె ఇదే. భూమి లేనివాళ్లు కూడా ఎవరి చేలోనైనా వంగి ఒడినిండా కోసుకోవచ్చు. కలుపుమందు కొట్టిన చేలో ఆ హక్కు కూడా ఉండదు.

జొన్నరొట్టె, ఎండుమిర్చి కారం, పప్పులో వేసిన ఇలాంటి ఏదో ఒక కూర. చలికాలం మధ్యాహ్నం చేనుగట్టు మీద అదే విందు. మార్గశిర అమావాస్య రోజుల్లో వచ్చే శూన్యం పండుగకు మాత్రం వంటలు గంపకెత్తి చేలకు తీసుకెళ్తారు. పూతకొచ్చిన పంటను గర్భిణిగా భావించి, చేను చుట్టూ తిరుగుతూ అన్నం చల్లుతారు. పక్కనే ఉన్న బీదర్, కలబురగి జిల్లాల్లో ఇదే పండుగను ఎళ్ళ అమావాస్య అంటారు. ఈ సరిహద్దులో మాట తెలుగు నుంచి కన్నడానికి, ఉర్దూకి మారినంత సులువుగా పండుగలు కూడా అటూ ఇటూ తిరుగుతాయి.

పడావు భూముల నుంచి...

ఈ చేలు ఎప్పుడూ ఇలా లేవు. ఒకప్పటి మెదక్ జిల్లాలో ఇది వెనకబడిన మూల. పేదలకు, అందులోనూ దళితులకు దక్కిన భూములు ఎక్కువగా రాళ్లూరప్పలే. దున్నే స్తోమత లేక చాలా భూములు పడావు పడ్డాయి. 1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది. ఆకలి తీరింది. అది చిన్న విషయం కాదు. కానీ జొన్న తినేవాళ్ల పళ్లెంలోకి బియ్యం వచ్చి, జొన్న పండే చెలకకు పని లేకుండా పోయింది. దంచి, విసిరి, చెరిగితే గాని నోట్లోకి రాని కొర్రలు, సామలు మరీ ముందుగా కనుమరుగయ్యాయి. పొద్దంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్లు రాత్రి రోకలి పట్టాలంటే మాటలా!

అదే 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దూరదర్శన్‌లో పనిచేసిన పి.వి.సతీష్ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. జహీరాబాద్ పక్కన పస్తాపూర్ కేంద్రంగా, సుమారు 75 గ్రామాల్లో దాదాపు 5 వేల మంది మహిళలు సంఘాలు కట్టారు. అందులో ఎక్కువమంది దళిత మహిళలే. 1990ల మధ్యలో ఆ సంఘాలు ఒక కొత్త పద్ధతి పట్టాయి. పడావు భూమి దున్నుకోవడానికి రైతుకు అప్పు ఇస్తారు. ఆ అప్పును డబ్బుగా కాదు, జొన్నలుగా తీర్చాలి. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ ఉంచి, పని దొరకని నెలల్లో పేదలకు తక్కువ ధరకు ఇస్తారు. ఎవరు ఎంత పేదో తేల్చేది కూడా ఊరివాళ్లే. బయటి గోదాము నుంచి లారీ రావాల్సిన పనిలేని రేషన్ అన్నమాట!

విత్తనమూ అంతే. వేపాకు, బూడిద కలిపి, బుట్టల్లో పోసి, మూతికి మట్టి మెత్తి దాస్తారు. అడిగినవాళ్లకు లేదనరు. ఒక కొలత తీసుకుంటే పంట వచ్చాక రెండు కొలతలు తిరిగివ్వాలి. హైదరాబాద్ నుంచి ఇక్కడికొచ్చే దారిలోనే, పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. అక్కడ ఇవే జొన్న, సజ్జ, శనగ, కంది విత్తనాలను ప్రపంచ దేశాల నుంచి సేకరించి చల్లని గదుల్లో భద్రపరుస్తారు. అక్కడి విత్తనం చలిగదిలో నిద్రపోతుంది. ఇక్కడి విత్తనం మాత్రం ఏటా నేలలో పడి, ఆ ఏటి ఎండావానలను చవిచూసి మళ్లీ బుట్టలోకి వస్తుంది. రెండూ కావాల్సినవే. ఒకటి పోతే రెండోది ఉంటుంది.

రాత్రి ఏడింటికి...

మాచనూరుకు మరో విశేషం ఉంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ మాటను అంత దూరంలోని ఈ ఊరు గట్టిగా పట్టుకుంది. 1998లో యునెస్కో సాయంతో ఇక్కడ రేడియో కేంద్రం వెలిసింది. కానీ ప్రసారానికి అనుమతి లేదు. ఏళ్ల తరబడి కార్యక్రమాలను క్యాసెట్లలో రికార్డు చేసి, సంఘం సమావేశాల్లో వినిపించారు. స్వచ్ఛంద సంస్థలకు 2006లో ప్రభుత్వం అవకాశం ఇచ్చాక, 2008 అక్టోబరు 15న ‘సంఘం రేడియో’ 90.4 ఎఫ్.ఎం. మీద పలికింది. ప్రారంభించింది జస్టిస్ పి.బి.సావంత్. ఆనాటి తీర్పు చెప్పిన న్యాయమూర్తే!

మైకు ముందు కూర్చున్నవాళ్లు ఆల్గోల్ నర్సమ్మ, జనరల్ నర్సమ్మ. ఇద్దరూ ఈ ప్రాంతపు దళిత మహిళలే. ప్రసారానికి ఎంచుకున్న వేళ రాత్రి ఏడు నుంచి తొమ్మిది. చేలో పని ముగించి, పొయ్యి ముట్టించే సమయం. ఏ పంటలో ఏది కలిపి విత్తాలి, పశువుకు జబ్బు చేస్తే ఏం చేయాలి, బతుకమ్మ పాటలు, పెళ్లిపాటలు... అన్నీ ఇక్కడి యాసలోనే. రేడియోలో తమ మాట తమకే వినిపిస్తే కలిగే గౌరవం వేరు.

ఇక్కడి మహిళలు వీడియో కెమెరా కూడా పట్టారు. వాళ్లు షాట్లకు పెట్టుకున్న పేర్లు సినిమా పాఠాల్లో దొరకవు. కింద కూర్చుని పైకి చూస్తూ తీస్తే ‘పటేల్ షాట్’. ఊరి పెద్దముందు నేల మీద కూర్చున్నవాళ్లకు అతను అలాగే కనిపిస్తాడు కదా! కంటికి కన్ను సమానంగా పెట్టి తీస్తే ‘సంఘం షాట్’. వాళ్లకు నచ్చింది ఆ రెండోదే.

బండెక్కి వచ్చే జాతర

మాచనూరును చూడటానికి మంచి కాలం సంక్రాంతి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా. అప్పుడే పాత పంటల జాతర. పూలు, జొన్నకంకులతో అలంకరించిన ఎడ్లబండ్ల మీద రకరకాల విత్తనాల బుట్టలు పెట్టుకుని సుమారు నెల రోజులు ఊరూరా తిరుగుతారు. బండి రాగానే ఊరు ఎదురెళ్తుంది. డప్పులు, కోలాటం, ఆ తర్వాత విత్తనాల మీద చర్చ. ఏది పోయింది, ఏది మిగిలింది, ఎవరింట్లో ఉంది? బండ్లు చివరికి చేరేది మాచనూరుకే.

ఈ పనికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఈక్వేటర్ బహుమతి దక్కింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. అదే ఏడాది మార్చి 19న సతీష్ కన్నుమూశారు. నగరాల్లో కొర్రలు, సామలు సూపర్‌మార్కెట్ అరల్లోకి ఎక్కాయి. ఇక్కడ అవి ఎప్పుడూ ఫ్యాషన్ కాదు... బువ్వ.

చేను ఎవరిది?

అలాగని మాచనూరు చుట్టుపక్కల అంతా నిమ్మళంగా ఉందనుకుంటే పొరపాటు. బోరు పడినచోట చెరకు, అల్లం, ఆలుగడ్డ. వాటికి డబ్బు త్వరగా కనిపిస్తుంది. రేషన్ దుకాణంలో 2025 ఉగాది నుంచి సన్నబియ్యమే ఉచితం. జొన్న దంచే ఓపిక పిల్లలకు ఎందుకుంటుంది?

అంతకన్నా పెద్ద మార్పు నేల మీదికే వస్తోంది. ఝరాసంగం, న్యాల్కల్ మండలాల్లోని 17 గ్రామాల్లో 12,635 ఎకరాల్లో జాతీయ పెట్టుబడులు, తయారీ మండలి తలపెట్టారు. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం దేశంలో 12 పారిశ్రామిక స్మార్ట్ నగరాలకు ఆమోదం తెలిపింది. అందులో జహీరాబాద్ ఒకటి. మొదటి దశలో 3,245 ఎకరాలు, 2,361 కోట్ల రూపాయల అంచనా.

దీన్ని కాదనడం అందరికీ తేలిక కాదు. చదువుకున్న కొడుకుకు ఊరి దగ్గరే ఉద్యోగం దొరుకుతుందంటే ఏ తల్లి వద్దంటుంది? జహీరాబాద్‌లోని ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఇప్పటికే ఆ ఆశ చూపించింది. కానీ ఎకరానికి ఇంత అని కట్టే పరిహారంలో తుమ్మికూర లెక్క రాదు. గట్టు మీది మేత, విత్తన బుట్ట, కూలి లేనినాడు చేలో దొరికే గింజ... ఏవీ రావు. పైగా భూమి పట్టా లేని మనిషికి ఆ చేనులో ఉన్న వాటా ఏ రిజిస్టరులోనూ ఉండదు. పడావు భూమి అని కాగితం మీద రాసినదాన్ని చేతులతో రాళ్లేరి చేనుగా మార్చినవాళ్లు ఇక్కడ ఉన్నారు. వాళ్ల ఎకరం వెల కట్టాలంటే ముందు ఆ ఎకరం ఏమేం ఇస్తుందో లెక్క రాయాలి. ఇరవై పంటల పేర్లతో మొదలుపెట్టాలి.

ఎలా వెళ్లాలి?

హైదరాబాద్ నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద జహీరాబాద్‌కు బస్సులు విరివిగా ఉన్నాయి. వికారాబాద్ - పర్లి మార్గంలో వెళ్లే రైళ్లకు జహీరాబాద్‌లో స్టేషన్ ఉంది. అక్కడి నుంచి ఝరాసంగం వైపు బస్సులో గానీ ఆటోలో గానీ వెళ్లొచ్చు. ఝరాసంగంలోని కేతకీ సంగమేశ్వరాలయాన్నీ చూడొచ్చు. శివరాత్రికి అక్కడ పెద్ద జాతర. బీదర్ కోట కూడా దగ్గరే.

చేలు చూడాలంటే జులై నుంచి సెప్టెంబరు దాకా, సత్యం పంటలు చూడాలంటే డిసెంబరు, జనవరి. గట్టు దాటి చేలోకి దిగేముందు అడగడం మర్యాద. కాళ్ల కింద ఉన్నది కలుపో కూరో కొత్తవాళ్లకు తెలియదు కదా!