జేక్‌ని క్షమించాలా, వద్దా?

మా ఊరి లైబ్రరీ బుక్‌క్లబ్బులో ఈ పంచాయితీ ఇప్పట్లో తెగేలా లేదు. జేక్ రియోర్డన్ లాస్ ఏంజెలెస్ పోలీసు డిటెక్టివ్. జాష్ లాన్యన్ రాసిన ఏడ్రియన్ ఇంగ్లిష్ నవలల్లో ఉంటాడు. ఏడ్రియన్ డిటెక్టివ్ పుస్తకాల షాపు నడుపుకునే గుండెజబ్బు మనిషి. 2000లో వచ్చిన మొదటి నవల ‘ఫేటల్ షాడోస్’లో అతని షాపులో పనిచేసే స్నేహితుడు హత్యకి గురవుతాడు. అనుమానం ఏడ్రియన్ మీదికే వస్తుంది. విచారణకి వచ్చినవాళ్లలో జేక్ ఒకడు. ఇద్దరూ ప్రేమలో పడతారు. తాను గే అని డిపార్టుమెంటులో తెలిస్తే ఇంకేమైనా ఉందా అని జేక్ భయం. మూడో నవలకొచ్చేసరికి, తన వల్ల గర్భవతి అయిన అమ్మాయిని పెళ్లి చేసుకుంటానని చెప్పి ఏడ్రియన్‌ని వదిలేస్తాడు.

అంతే, క్లబ్బు రెండుగా చీలిపోయింది. రిటైరైన నర్సొకావిడ జేక్ పేరెత్తితేనే మండిపడుతుంది. డెబ్బై దాటిన ఒక పెద్దాయన మాత్రం అతని పక్షం. ఆయన కూడా, గే అని తెలిస్తే ఉద్యోగం పోతుందని భయపడే కాలంలో బతికినవాడే. పోలీసు ఉద్యోగంలో ఉండి నిజం చెప్పడం ఎంత కష్టమో మీకేం తెలుసని ఆవిణ్ణి నిలదీస్తాడు. ఊహల్లో మనిషి కోసం ఇంతలేసి వాదనలేమిటా అనుకోకండి. వీక్లీ సీరియల్లో నాయిక ఎవర్ని చేసుకోవాలో సంపాదకుడికి ఉత్తరాలు రాసిన జాతి మనది.

నన్నడిగితే జేక్ సంగతి తర్వాత, ఆ పెళ్లికూతురి గతేమిటి? “పెళ్లి చేస్తే అన్నీ అవే సర్దుకుంటాయి” అనే మాట వింటూ పెరిగాను నేను. ఆ సర్దుబాటులో సగం బరువు ఏమీ తెలియని పిల్ల నెత్తిన పడుతుంది. క్లబ్బులో ఈ మాటంటే ఒక్క క్షణం అందరూ ఆగారు, మళ్లీ జేక్ మీదికే వెళ్లిపోయారు. తెలుగు ఆడవాళ్లు నలుగురున్నా ఆ రోజు చర్చ మరోలా నడిచేదని నా నమ్మకం.

కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, మధుబాబు షాడో నన్ను పెంచారు. అద్దె లైబ్రరీలో రోజుకింత అని కట్టి, పాఠ్యపుస్తకంలో దాచుకుని చదివిన బాపతు. కాబట్టి పరాయి దేశానికొచ్చాక నాకు మొదట దగ్గరైనవి డిటెక్టివ్ నవలలే. వాటిలో ఈ గే డిటెక్టివ్ కథల కోవలోకి నన్ను లాగింది ప్రేమకథ కాదు, ఇన్సూరెన్సు!

మా నాన్న తెనాలిలో ఎల్‌ఐసీ ఏజెంటు. పాలసీ కట్టిన కొద్దికాలానికే మనిషి పోతే విచారణకి ఆఫీసరు వచ్చేవాడు. అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ, పోయినాయనకి దగ్గెప్పటి నుంచి ఉందని పక్కింటివాళ్లని మెల్లగా కదిపేవాడు. అచ్చం ఆ ఉద్యోగమే జోసెఫ్ హాన్సెన్ సృష్టించిన డేవ్ బ్రాండ్‌స్టెటర్‌ది. లాస్ ఏంజెలెస్ బీమా కంపెనీలో చావు క్లెయిములు విచారిస్తాడు. 1970లో వచ్చిన మొదటి నవల ‘ఫేడౌట్’లో ఒక రేడియో గాయకుడి కారు వరద వాగులో దొరుకుతుంది, శవం దొరకదు. మన దగ్గరైతే మనిషి కనబడకుండా పోతే ఏడేళ్లు ఆగాలి. డేవ్ ఆగడు, ఆ మనిషి అసలు చచ్చాడా అని ఆరా తీస్తాడు. ఇరవై ఏళ్లకి పైగా తనతో కాపురం చేసిన రాడ్ క్యాన్సర్‌తో పోయి అప్పటికి ఎంతో కాలం కాలేదు. ఊరివాళ్లని ప్రశ్నలడుగుతూనే ఆ దుఃఖాన్ని మోస్తుంటాడు. హాన్సెన్ దాన్ని రెండు మూడు వాక్యాల్లో చెప్పి ఊరుకుంటాడు, ఏడిపించాలని చూడడు.

అంతకు నాలుగేళ్ల ముందే, 1966లో, జార్జ్ బ్యాక్స్ట్ ఒక గే పోలీసు డిటెక్టివ్‌ని తెచ్చాడు. అయితే డేవ్ ధోరణి వేరు. తానెవరో దాచడు, అలాగని చాటుకోడు కూడా. కాలిఫోర్నియాలో మగవాళ్ల మధ్య ఆ సంబంధం నేరం కాకుండా పోయింది 1976లో. అంటే మొదటి నవలల్లో మన విచారణాధికారి ఊరందరి అబద్ధాలూ బయటపెట్టి, ఇంటికెళ్లి చట్టం దృష్టిలో నేరస్థుడిగా నిద్రపోయేవాడు. అంతవరకూ డిటెక్టివ్ కథల్లో ఇలాంటివాడు ఎక్కువగా శవమో, హంతకుడో, బ్లాక్‌మెయిల్‌కి లొంగే పిరికివాడో అయ్యేవాడు. ప్రశ్నలడిగే కుర్చీలో అతన్ని కూర్చోబెట్టడమే హాన్సెన్ చేసిన పని. పాఠకుల అభిమానానికి మూలం అక్కడే ఉందనుకుంటాను. ప్రతి ఇంట్లోనూ ఏదో దాస్తారని తెలిసినవాడికంటే మంచి డిటెక్టివ్ ఎవరు దొరుకుతారు?

ఈ కోవలోనే రాసిన మైకేల్ నావా స్వయంగా లాయరు, అతని కథానాయకుడు హెన్రీ రియోస్ కూడా లాయరే. 1986 నాటి ‘ద లిటిల్ డెత్’ని ముప్పై ఏళ్లకి మళ్లీ మొత్తం తిరగరాసి వేరే పేరుతో అచ్చేశాడు. క్లబ్బుకి ఒకాయన రెండు పుస్తకాలూ తెచ్చి, పెన్సిలు గీతలతో ఏ పేజీలో ఏం మారిందో చూపించాడు. పాతదే బాగుందన్నాడు. వీరాభిమాని అంటే అలా ఉండాలి!

ఏడ్రియన్ కథల్లాంటి రొమాంటిక్ సస్పెన్స్‌కి వస్తే ఒక్క షరతు: చివర్లో ఇద్దరూ బతికి, కలిసి ఉండాలి. సాహిత్యం తెలిసినవాళ్లు దీన్ని చులకన చేస్తారు. మగవాళ్ల మధ్య ప్రేమలు ఎప్పుడూ చావుతోనే ముగియడం చూసీ చూసీ విసిగినవాళ్లకి అది చులకన విషయం కాదు. మా క్లబ్బులో ఇవి ఎగబడి చదివేది ఎక్కువగా ఆడవాళ్లే. రాసేవాళ్లలోనూ ఆడవాళ్లున్నారు, జాష్ లాన్యన్ కూడా రచయిత్రే. మగవాళ్ల ప్రేమని ఆడవాళ్లు రాయడమేమిటని మా పెద్దాయన ఒకసారి సణిగాడు, మరుసటి నెల ఆమె పుస్తకమే ముందుగా తీసుకుపోయాడు.

ఇండియాలో సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న ఈ ప్రేమని నేరాల జాబితాలోంచి తీసేసింది. మన సినిమాలు దాన్ని కామెడీ ట్రాక్‌లోంచి ఇంకా పూర్తిగా తీయలేదు. డిటెక్టివ్ నవల రాసే చెయ్యి తిరిగినవాళ్లు తెలుగులో ఉన్నారు. విజయవాడలో క్లెయిములు విచారించే ఒక బ్రాండ్‌స్టెటర్‌ని ఎవరైనా రాయండి, మొదటి కాపీ నేను కొంటాను.

ఈలోగా ఇంగ్లిషులో చదవదలిస్తే ‘ఫేడౌట్’తో మొదలుపెట్టండి. హాన్సెన్ రాసిన డేవ్ నవలలు 2022లో మళ్లీ అచ్చయ్యాయి. మొత్తం పన్నెండు, చివరిది 1991 నాటిది. నవల నవలకీ డేవ్ వయసు పెరుగుతుంది కాబట్టి వరుస తప్పకండి.