గడి నీరడి

మా వారు హత్నూర బడిలో ఉపాధ్యాయులు. ఇచట మా యింటికి కూరలు తెచ్చు ముసలమ్మ నీరడివారి యాడపడుచు.

మా అమ్మమ్మ పుట్టినది దొరల గడిలో. లోపలి దాసీలను ఆమె పేరుపేరునా తలచెడిది. వెలుపలివారిని మాత్రము సుంకరి, జీతగాడు, నీరడి యని పనిపేరుతోనే. సుంకరి దొరగారి బండి ముందు పరుగెత్తెడివాడు. జీతగానికి అప్పు తీరువఱకు నాగలి విడువరాదు. నీరడి పని వేఱు. చెరువు తూము ఎత్తుచు దించుచు, ఏ మడికెంత నీరు వలయునో యెఱిగి పాఱించవలెను; వానరాత్రులు కట్టపై కాపుండవలెను. ప్రతిఫలము కళ్లములో కొన్ని గింజలు. కట్ట తెగినచో ఊరికంతకు ఆకలియే. అయినను వాడు గడి గడప దాటరాదు! 1949లో జాగీరులు రద్దయినవి. వెట్టిచాకిరి రద్దు చట్టము 1976 వఱకు రాలేదు.

ఈ కథ చెప్పగా ముసలమ్మ, "మీ అమ్మమ్మోళ్ల నీరడి పేరేందమ్మా?" అని యడిగినది.

విరటుని గుఱ్ఱములు కాచిన నకులుడు దామగ్రంథి యనియు, ఆవులు కాచిన సహదేవుడు తంత్రీపాలుడనియు మాఱుపేరులు సైతము బాల్యముననే వల్లించినదానను. నాకు మాట రాలేదు. అమ్మమ్మ చెల్లెలికి ఫోను చేసితిని. ఆమె చాలసేపు ఆలోచించి, "నీరడి అనే పిలిచేవాళ్లమే" అనెను.