ఆదోని కొండ మీద

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి వచ్చే దారిలో చాలాసేపటి వరకు చూపును అడ్డగించేది ఏదీ కనిపించదు. కోత ముగిసిన పత్తిచేలు, జొన్నచేలు, ఎండకు నెఱ్ఱెలు విచ్చిన నల్లరేగడి. ఆ సమతలం నడుమ ఎవరో గుండ్లను కుప్పవోసి మరచిపోయినట్లు ఆదోని కొండలు నిలిచి ఉంటాయి. వలయాకారంగా కూడిన ఐదు కొండలలో బారాఖిల్లా, తాలీబండ మిక్కిలి ఎత్తైనవి. చుట్టుపట్ల భూమికంటె అవి సుమారు 800 అడుగుల ఎత్తుంటాయి.

మాఘమాసంలో ఒకనాటి ఉదయం, ఇంటర్మీడియట్ చదువుతున్న ఒక బాలుడు తాతతో కలిసి ఆ కొండ ఎక్కసాగాడు. పరీక్షలు దగ్గరపడ్డాయి. తల్లిదండ్రులు ఇంట లేరు. సంక్రాంతి కాగానే గుంటూరు సీమకు మిరపకోతలకు వెళ్లారు. పడమటి కర్నూలు పల్లెలలో ఈ వలసను ‘సుగ్గి’ అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంటకోతల కాలం, సంబరాల కాలం. ఈ పల్లెలలో ఆ మాటకు ఇల్లు విడిచిపోవడమనే అర్థం కూడా అంటుకొన్నది. మాటలకు కూడా కరువు తగులుతుంది కాబోలు!

ఈ దుర్గం కోసం విజయనగర, బీజాపూరు రాజ్యాల కాలం నుంచి ఎన్నో పోరాటాలు జరిగాయి. 1786లో టిప్పు సుల్తాను దీనిని పట్టుకొన్నాడు. బాలుడు ఆ సంగతులు తలచుకొంటూ శిథిలమైన బురుజులను చూస్తున్నాడు. తాత చూపు మాత్రం కొండ నడిమి కొలను మీదనే ఉంది. ఎన్నడూ ఎండదని పాత గెజిటీర్లు ప్రశంసించిన కొలను ఉన్న కొండ ఇది. కోటను కాపాడినవి గోడలు మాత్రమే కావు.

శిఖరం చేరేసరికి గాలి చల్లగా వీచింది. క్రింద జామియా మసీదు మీనార్లు, పత్తి మిల్లుల కప్పులు, కొండపాదాన రాంజల చెరువు, ఆవల అంతు లేని మైదానం.

“ఎంత బాగుంది తాతా!”

“బాగుంటాదిలేరా, దూరం నుంచి చూస్తే.”

నైరుతి మేఘాలు పడమటి కనుమలలోనే బరువు దింపుకొని, తేలికపడి ఈ నేలమీదుగా సాగిపోతాయి. ఉత్తరాన తుంగభద్ర పారుతున్నా ఆ నీరు మెరకకు తనంత తాను ఎక్కదు. 1953లో పూర్తయిన తుంగభద్ర ఆనకట్ట నుంచి వచ్చే దిగువ కాలువ కొన్ని పొలాలను తడుపుతున్నది. గోనెగండ్ల దగ్గర హంద్రి మీద కట్టిన గాజులదిన్నె జలాశయానికి దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. కాలువ అందని పల్లెలే సుగ్గి బాట పడుతున్నాయి. 1876-78 నాటి ధాత కరువును చూసిన నేల ఇది.

దిగేటప్పుడు తాత కొలను వద్ద ఆగాడు. నీరు తగ్గి, బండమీద తెల్లని చార మిగిలింది. ఆ చారకూ నీటికీ నడుమ అరచేయి పెట్టి కొలిచాడు.

“పరీక్షలు కాగానే నన్ను కూడా రమ్మన్నాడు నాయన. ఒక చెయ్యి ఎక్కువుంటే అప్పు తీరుతుందట” అన్నాడు బాలుడు.

తాత వెంటనే బదులు చెప్పలేదు. తడిసిన చేతిని పంచెకు తుడుచుకొన్నాడు.

“జానెడు దిగింది” అన్నాడు. కొంత దూరం నడిచిన తరువాత, వెనుదిరగకుండానే, “పైచదువుకు కాలేజీ చూసుకోరా. సుగ్గి యాడికి పోతాది!” అన్నాడు.