పేషెంటు తాలూకు ఎవరు?

పెద్దాసుపత్రి వార్డుల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా వినిపించే కేక ఒకటుంది: “పేషెంటు తాలూకు ఎవరమ్మా?” హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న ఉస్మానియా దవాఖానాకు ఆ ‘తాలూకు’ మనుషుల్ని చూడాలనే వెళ్లాను. కేక వినపడగానే మంచం పక్కన కూర్చున్న మనిషి లేస్తుంది. రక్తం సీసా ల్యాబులో ఇచ్చి రావాలో, స్కానింగుకు స్ట్రెచర్ వెంట నడవాలో, కాగితం మీద సంతకం పెట్టాలో అప్పటిదాకా ఆమెకు తెలియదు. రోగికి కేస్ షీటుంది, బెడ్డు నంబరుంది, ఆరోగ్యశ్రీ కింద ఒక లెక్కుంది. పక్కనున్న ఆమెకు మాత్రం ఆ ‘తాలూకు’ అన్న మాటే పేరు. వారాలు, నెలలు మంచాన ఉన్న భర్తకు భార్య, భార్యకు భర్త చేసే పని వైద్యంలో భాగమేనని, దాన్ని నేర్పాల్సిన, చోటివ్వాల్సిన, లెక్కగట్టాల్సిన పనిగానే ఆసుపత్రీ ప్రభుత్వమూ చూడాలని నా వాదన.

ఉస్మానియా ఆవరణలో పాత చింతచెట్టు ఒకటుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు నూటయాభై మంది దాకా దాని కొమ్మలెక్కి బతికారు. ఆర్కిటెక్ట్ విన్సెంట్ ఎష్ కట్టిన గుమ్మటాల భవనం ఆ తర్వాత లేచింది. 2020 జులైలో అందులోకి నీళ్లు రావడంతో రోగుల్ని పక్క బ్లాకులకు మార్చారు. దాంతో లోపల చోటు ఇంకా ఇరుకైంది, బయట నీడ పట్టున కూర్చునేవాళ్లు పెరిగారు. చాప, దుప్పటి, స్టీలు టిఫిను, మందుల సంచి, చార్జరు: ఒక కాపురం అంతా చెట్టు మొదట్లో ఉంటుంది. 2022 మేలో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం నగరంలోని 18 పెద్దాసుపత్రుల్లో రోగుల వెంట వచ్చినవాళ్లకు 5 రూపాయలకే మూడు పూటలా భోజనం పెట్టే పథకాన్ని ఇక్కడే మొదలుపెట్టింది. మంచి పని. రోగి పక్కన ఇంకో మనిషి ఉందని, ఆమెకూ ఆకలేస్తుందని సర్కారు ఒప్పుకున్నట్టయింది. ఆ ఒప్పుకోలు అన్నం పళ్లెం దగ్గరే ఆగిపోకూడదు.

ఎందుకు ఆగకూడదో ఒక మంచం దగ్గర పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. పక్షవాతంతో పడిపోయిన మనిషి, ముక్కులోంచి ట్యూబు, మంచం కింద యూరిన్ బ్యాగు. భార్య తల వైపు దిండ్లు ఎత్తుగా సర్దింది. సూదిలేని పెద్ద సిరంజిని ట్యూబుకు తగిలించి, వడకట్టిన గంజి అందులో పోసి పైకెత్తి పట్టుకుంది. లోపలికి నెట్టలేదు, దానంతటది దిగేదాకా ఆగింది. తర్వాత కాసిని నీళ్లు పోసి ట్యూబు కడిగి మూత బిగించింది. స్కూలు నోటుపుస్తకం వెనకట్ట మీద లోపలికి ఎన్ని మిల్లీలీటర్లు పోయిందో ఒక వరుస, బ్యాగులో ఎంత చేరిందో ఇంకో వరుస రాసుకుంది. తల ఎత్తకుండా పోసినా, సిరంజితో గబగబా నెట్టినా గంజి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే నడుము కింద, మడమల దగ్గర పుళ్లు పడతాయి. రెండు గంటలకోసారి అంటే రోజుకు పన్నెండుసార్లు, నెలకు మూడు వందల అరవై సార్లు. ఇందులో సగం నిద్ర మానుకుని చేసేవే. ఇంత పని చేసే మనిషిని ‘తోడు ఉంది’ అని ఒక్క మాటతో సరిపెట్టడం అన్యాయం.

దీనికి నర్సుల వైపు నుంచి గట్టి అభ్యంతరం వస్తుంది. నర్సు చేయాల్సిన పని ఇంటివాళ్లకు నేర్పడమంటే నర్సుల్ని నియమించకుండా తప్పించుకోవడానికి ప్రభుత్వానికి దారి చూపించడమే కదా అని. ఈ భయం ఉత్తది కాదు. బోధనాసుపత్రుల జనరల్ వార్డుల్లో మూడు పడకలకు ఒక నర్సు ఉండాలన్నది భారత నర్సింగ్ మండలి ప్రమాణం. మన సర్కారు దవాఖానాల్లో రాత్రిపూట వార్డులోకి తొంగి చూసినవాళ్లకు ఆ లెక్క ఎంత దూరంలో ఉందో చెప్పనక్కర్లేదు. నర్సుల ఖాళీలు నింపాలన్న డిమాండుకు నా పూర్తి మద్దతు. అయితే ఆ ఖాళీలు ఉన్నన్నాళ్లూ ఆ పని చేస్తున్నది ఎవరు? ఇంటివాళ్లే, పక్క మంచం వాళ్లను చూసి నేర్చుకుని. తప్పుగా నేర్చుకుంటే తప్పుగానే చేస్తారు. నేర్పడం మొదలైతే ఏది ఆమె చేయవచ్చో, ఏది చేయకూడదో గీత గీయాల్సి వస్తుంది. తిప్పడం, తుడవడం, ట్యూబులో గంజి పోయడం, ప్రమాద సూచనలు గుర్తుపట్టి సిస్టర్‌ని పిలవడం ఆమెవి. సెలైన్ మార్చడం, ఇంజెక్షన్, గొంతులో కఫం తీయడం నర్సువి. గీత లేని ఇప్పటి పద్ధతిలోనే ఆమె మీద ఎక్కువ బరువు పడుతోంది.

నేర్పితే ఫలితం ఉంటుందనడానికి మన దేశంలోనే పాత దాఖలాలున్నాయి. 1950ల్లో అమృత్‌సర్ మానసిక వైద్యశాల సూపరింటెండెంట్ డాక్టర్ విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల వెంట ఇంటివాళ్లను అక్కడే ఉంచారు. ఏళ్ల తరబడి లోపలే పడి ఉండటం మామూలైన ఆ కాలంలో, ఇంటివాళ్లు రోగుల్ని వెంటబెట్టుకుని తిరిగి వెళ్లడం మొదలైంది. మన చిత్తూరు జిల్లా పక్కనే ఉన్న వెల్లూరు సీఎంసీ 1957లో బాగాయంలో మానసిక ఆరోగ్య కేంద్రం తెరిచి, రోగితోపాటు కుటుంబసభ్యులు ఉండి తీరాలన్నది నియమంగానే పెట్టింది. మానసిక రోగానికి చెల్లింది పక్షవాతానికి, క్యాన్సరుకు చెల్లుతుందా అని అడగవచ్చు. ఇంకా ఎక్కువే చెల్లుతుంది. డిశ్చార్జి కాగితం చేతికొచ్చిన మర్నాటి నుంచి ఇంట్లో ఆ ట్యూబు, ఆ బ్యాగు, ఆ పుళ్లు చూసుకునేది ఆ ఒక్క మనిషే. ఆసుపత్రిలో నెల రోజులు పక్కనే ఉన్నా ఆమెకు ఎవరూ ఏమీ నేర్పకుండా పంపితే, సగం వైద్యం చేసి పంపినట్టే.

ఇక్కడ మగవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. పురుషుల వార్డులో భార్య రాత్రంతా ఉండొచ్చు. స్త్రీల వార్డులో మాత్రం రాత్రిళ్లు మగవాళ్లను సాధారణంగా ఉండనివ్వరు. పక్క మంచం ఆడవాళ్ల గౌరవం కోసం పెట్టిన నియమం, తప్పనలేను. కానీ దాని ఫలితం చూడండి. భార్య జబ్బుపడితే భర్త గేటు బయట పడుకుంటాడు, ఊరి నుంచి అత్తో ఆడపడుచో చదువు మానుకున్న కూతురో వచ్చి మంచం పక్కన కూర్చుంటుంది. భర్తకు సేవ చేసే మనసు లేదని తీర్పు చెప్పేముందు, నేర్చుకునే చోటు అతనికి ఎక్కడ ఇచ్చామో అడగాలి. పగటిపూట ఒక గంట, వార్డు పక్క గదిలో, సిస్టర్ ఒకరు నలుగురైదుగురు భర్తల్ని కూర్చోబెట్టి చూపిస్తే చాలు. ఇంటికెళ్లాక ఆ కూతురు బడికి పోగలుగుతుంది.

ఇక డబ్బు. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. ఆపరేషన్ ఖర్చు కోసం పొలం అమ్ముకోవాల్సిన అవసరం చాలామందికి తప్పింది. కూలి పోయే నష్టం మాత్రం మిగిలింది. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ‘ఆరోగ్య ఆసరా’ పేరుతో, కోలుకునే రోజులకు రోగికి రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5,000 మించకుండా ఇవ్వడం మొదలుపెట్టింది. ఈఎస్‌ఐలో జబ్బుపడిన కార్మికుడికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. రెండూ రోగి పోగొట్టుకున్న కూలికే. మంచం పక్కన కూర్చున్నందుకు బీడీలు చుట్టడం, కూరగాయల బండి, ఇళ్లలో పని మానుకున్న భార్య పోగొట్టుకున్నదానికి ఏ పద్దులోనూ చోటు లేదు. అమెరికాలో ఉద్యోగం చేసే మనవాళ్లలో చాలామందికి 1993 నాటి చట్టం కింద జీవిత భాగస్వామి జబ్బుకు 12 వారాల సెలవు దొరుకుతుంది. జీతం రాకపోయినా ఉద్యోగం నిలుస్తుంది. అంత దూరం ఎందుకు, కేరళ ‘ఆశ్వాసకిరణం’ పేరుతో మంచానపడ్డవాళ్లను చూసుకునే ఇంటి మనిషికి నెలకు 600 రూపాయలు పెట్టింది. ఏ మూలకూ రాని మొత్తమే, కానీ చూసుకునే మనిషి పేరు మీద ఒక పద్దు తెరిచింది.

ఏడడుగులు నడిచింది ఇందుకే కదా, మొగుడికి చేసే సేవకు కూలి అడగడమేమిటి అని కొందరు నొచ్చుకుంటారు. వాళ్ల మనసు నాకు అర్థమవుతుంది. సేవకు వెల కట్టమని నేనూ అనడం లేదు. ఆమె చేతుల్లో ఉన్న ప్రేమకు ఆసుపత్రి ఏమీ చేర్చలేదు. అయితే ఆ ప్రేమే రెండో నెలలో వడ్డీకి అప్పు తెస్తుంది, మూడో నెలలో తన బీపీ మాత్రలు మానేసి ఆయన మందులు కొంటుంది. ఇక ఇంకో అభ్యంతరం: దగ్గరి మనుషులు లోపల ఉంటే ఇన్‌ఫెక్షన్లు వస్తాయని డాక్టర్లు అనే మాటా నిజమే. ఐసీయూ తలుపు మూసే ఉండాలి. జనరల్ వార్డులో మాత్రం, రోజుకొకరు మారే పదిమంది కంటే, చేతులు కడుక్కోవడం నేర్చుకుని, పేరు రాయించుకుని, పాసు పెట్టుకున్న ఒక్క మనిషి మేలు.

ఉస్మానియాకు గోషామహల్‌లో 2,000 పడకల కొత్త భవనానికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. దాన్ని కట్టేవాళ్లకు, నడపబోయేవాళ్లకు నా విన్నపం: ప్రతి మంచం పక్కన రాత్రికి వాల్చుకుని పడుకోగల ఒక కుర్చీ, ప్రతి అంతస్తులో ఆడవాళ్లు స్నానం చేసి బట్టలారేసుకునే చోటు, వార్డుకొక నేర్పే గది పెట్టండి. కేస్ షీటు మొదటి పేజీలో రోగి పేరు కింద ఇంకో గీత గీసి, పక్కన కూర్చునే మనిషి పేరు రాయండి. రేపటి నుంచి ఆమెను ఆ పేరుతో పిలవండి.