పికిలిపిట్ట అడిగిన గడువు

గునపం పట్టుకొచ్చిన కూలీ కంచె దగ్గరే ఆగిపోయాడు.

‘‘మాస్టారూ, ఇందులో గూడుందండీ!’’

గుంటూరు జిల్లా పల్లెలోని ఆ ఇంటి పెరటి కంచె అంతా వాక్కాయే. దాన్ని తీసేసి ప్రహరీ కట్టించాలని హైదరాబాద్ నుంచి వచ్చిన కొడుకు పట్టుదల. అతని మాటా కొట్టిపారేసేది కాదు. ముందురోజే మనవరాలి అరచేతిలో ముల్లు దిగింది. పాప ఏడుపు వింటూ మాస్టారు కూడా సరేననేశారు.

కొమ్మల సందులోంచి చూస్తే మూడు గుడ్లు. లేత గులాబీ రంగు మీద ఎర్రటి మచ్చలు. పికిలిపిట్టవి. పొదగడానికి రెండు వారాలు, పిల్లలు గూడు వదలడానికి మరో రెండు వారాలు.

‘‘గోడ ఎక్కడికీ పోదు. నెల్లాళ్లు ఆగరా’’ అన్నారాయన. కొడుకు విసుక్కున్నాడు కానీ, కూలీని పంపేశాడు.

అన్ని చోట్లుండగా ఆ పిట్ట ముళ్లపొదనే ఎందుకు ఎంచుకుంది? పాపకు గుచ్చుకున్న ముల్లే దానికి కాపలా మరి! గట్టి ముళ్లు అడుగడుగునా కాచుకుని ఉంటే పిల్లీ, కాకీ అంత సులువుగా దూరలేవు. పైగా ఏడాది పొడవునా పచ్చగా ఉండే పొద, ఎండాకాలంలోనూ చాటిస్తుంది. అప్పుడే మల్లెల్లాంటి తెల్లపూలు. వానల్లో కాయలు. పులుపు కాయలు మన పప్పులోకీ పులిహోరలోకీ... పండి నల్లబడ్డవి పిట్టలకీ!

వాక్కాయ మన నేల మొక్క. పెంచడమూ తేలికే. బాగా పండిన కాయల్లోంచి గింజలు తీసి, ఎండిపోకముందే విత్తాలి. మొక్కలు ఎదిగాక వానాకాలంలో మూడడుగులకొకటి చొప్పున నాటితే కంచె అల్లుకుంటుంది. నీరు నిలిచే చోటు మాత్రం పనికిరాదు. మొదటి రెండు వేసవులూ నీళ్లు పోస్తే చాలు, ఆ తర్వాత అదే ఎండను తట్టుకుంటుంది. కాపు కోసం రెండు మూడేళ్లు ఓపిక పట్టాలి. కొమ్మలు కత్తిరించేటప్పుడు చేతికి గుడ్డ చుట్టుకోవాలి. ముళ్లతోపాటు పాలూ కారతాయి. గూళ్లేమీ లేవని చూసుకున్నాకే కత్తెర పెట్టాలి. పురుగుమందు జోలికి వెళ్లకపోవడమే మంచిది. పికిలిపిట్ట తన పిల్లల నోట్లో పెట్టేది ఎక్కువగా ఆ పురుగుల్నే!

హైదరాబాద్ వెళ్లాక పాప రోజూ ఫోన్ చేసేది. ‘‘గుడ్లు పగిలాయా తాతయ్యా?’’ అని ఒక్కటే ప్రశ్న. రెండు పగిలాయి. మూడోది పగల్లేదు. ఆ సంగతి చెప్పడానికి మాస్టారికి రెండు రోజులు పట్టింది.

శ్రావణమాసంలో అందరూ మళ్లీ వచ్చేసరికి గూడు ఖాళీ. రెండు పిల్లలూ ఎగిరిపోయాయి. మేస్త్రీ కొలతలు తీసుకున్నాడు. గోడ వీధి వైపే చాలన్నాడు కొడుకు. పెరటి వైపు కంచె అలాగే ఉంది. పిల్లలు ఆడుకునే చోటుకి చాచుకున్న కొమ్మలు మాత్రం కత్తిరించారు.

బయల్దేరేముందు పాప నాలుగు నల్లటి పండ్లు కోసి రుమాల్లో మూటకట్టుకుంది.

‘‘గింజలు ఎండనివ్వకమ్మా’’ అన్నారు మాస్టారు.