నాలుగు మూలలు

నవంబర్ 19, 2024, మంగళవారం

ఇవాళ పొద్దున అమ్మ కాఫీ ముట్టలేదు. ఏటా ఈ తేదీన అంతే. 1977లో ఇదే రోజు, శనివారం, దివిసీమ మీద ఉప్పెన పడింది. మా ఊరు అవనిగడ్డకు దక్షిణాన, సముద్రం వైపు. పోయినవాళ్ళ లెక్క దాదాపు 10,000 అని అప్పట్లో ప్రభుత్వం చెప్పింది. మా ఇంటి లెక్క ఒకటి, నాయనమ్మ. నాకప్పుడు పదకొండేళ్ళు, తమ్ముడికి ఏడు.

సాయంత్రం అమ్మ తనంతట తనే అంది: "అటక మీద ట్రంకు పెట్టెలో ఫొటోలు ఉండేయే అమ్మాయ్. మీ నాన్న ప్రతి క్రిస్మస్‌కీ తీయించేవారు. నీళ్ళు వస్తే తడవకూడదని అటక మీద పెట్టాం. ఇల్లే పోద్దని ఎవరనుకున్నారు?"

ఉప్పెన తర్వాత మళ్ళీ మొదలుపెట్టి నాన్న ముప్పై ఏళ్ళు కూడబెట్టిన ఫొటోలను మొన్న సెప్టెంబరు 1న బుడమేరు వాగు ముంచింది. విజయవాడ సింగ్ నగర్‌లో మా ఇంట్లోకి నాలుగున్నర అడుగుల నీళ్ళు వచ్చాయి. అమ్మను కుర్చీతో సహా పై వాటా వాళ్ళింటికి మోసుకెళ్ళాం. బీరువా కింది అరలో ఆల్బమ్‌లు ఉన్నాయని ఎవరికీ గుర్తు రాలేదు. 212 ఫొటోలు. మిగిలినవి 74.

ఒక జీవితంలో రెండుసార్లు. ఇక వాయిదా వేయను. ఈ క్రిస్మస్‌కి పుస్తకం కుట్టి అమ్మ చేతిలో పెడతాను.

డిసెంబర్ 1, ఆదివారం

ఆగమన కాలపు మొదటి ఆదివారం. గుడిలో అయ్యగారు మొదటి కొవ్వొత్తి వెలిగించారు. ఇంటికొచ్చి ఆ 74 ఫొటోలను మంచం మీద పరిచాను.

సెప్టెంబరులో నేను చేసిన తప్పు ఇక్కడ రాసి పెట్టాలి, నా తర్వాత వాళ్ళకు పనికొస్తుంది. నీళ్ళు తీశాక తడి ఆల్బమ్‌లలో మొదటిదాన్ని డాబా మీద ఎండలో పెట్టాను. ఎండేసరికి దాన్లో ఫొటోలన్నీ ఒకదానికొకటి అతుక్కుని చెక్కముక్క అయిపోయాయి. విడదీస్తే మొహాలు ఊడి వచ్చాయి. ఫొటో మీది బొమ్మ జిలటిన్ పొరలో ఉంటుంది, తడిస్తే పాల మీగడలా మెత్తబడుతుంది, అలాగే ఎండితే జిగురవుతుంది. తడిసినవాటిని శుభ్రమైన చల్లని నీళ్ళలో ఉంచి, వాటంతటవి వదిలాక, ఒక్కొక్కటిగా తీసి నీడలో క్లిప్పులకు వేలాడదీయాలట. మా కాలేజీలో ఫొటోగ్రఫీ తెలిసిన సహోద్యోగి ఫోన్‌లో చెప్పేసరికి ఒక ఆల్బం అయిపోయింది. రెండో ఆల్బం ఆయన చెప్పినట్టు చేశాను. మిగిలిన 74లో ఎక్కువ దాన్లోవే.

నలుపు తెలుపువి బాగా నిలబడ్డాయి. రంగువి సగం పోయాయి.

డిసెంబర్ 5, గురువారం

వన్‌టౌన్‌కి వెళ్ళి సామాను కొన్నాను. నల్ల అట్ట పేజీల ఆల్బం, పేజీకీ పేజీకీ మధ్య బటర్ పేపరు ఉన్నది. త్రికోణం కాగితపు కార్నర్లు నాలుగు ప్యాకెట్లు. తెల్ల పెన్సిల్. దారం, సూది.

కొట్టు అబ్బాయి జిగురు పేజీల ఆల్బం చూపించాడు, పైన ప్లాస్టిక్ కాగితం లేపి ఫొటో పెట్టి మూసేసే రకం. వద్దన్నాను. ఎనభైల్లో మేమంతా అవే కొన్నాం, ఎంత సుఖమో అనుకున్నాం. ఆ జిగురు ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి ఫొటోని పట్టేస్తుంది. నాశనమైన మొదటి ఆల్బం ఆ రకందే. ఫొటో వెనక ఫెవికాల్ రాయడం కూడా అంతే పాపం. కార్నర్లయితే ఫొటో నాలుగు మూలలు మాత్రమే పట్టుకుంటాయి, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఊడతాయి, వెనక రాసింది చదువుకోవచ్చు.

వెనక రాసింది అంటే గుర్తొచ్చింది. 74లో వెనక పేర్లున్నవి తొమ్మిదే, అన్నీ నాన్న చేతిరాత. మిగతావాటిలో కొందరు ఎవరో నాకు తెలియదు. అమ్మకు తెలుసు. అమ్మకు 82.

డిసెంబర్ 10, మంగళవారం

గ్రీటింగ్ కార్డుల రోజు. అవి గోడ అల్మైరా పై అరలో ఉండబట్టి తడవలేదు. ఒక ప్లాస్టిక్ సంచి నిండా, 1980 నుంచి 1998 దాకా.

బుక్‌పోస్ట్ అని రాసి కవరు అంటించకుండా, మూత లోపలికి మడిచి పంపేవాళ్ళం, అలాగైతే తక్కువ స్టాంపు సరిపోయేది. నాన్న కార్డులు మాత్రం అలా వెళ్ళేవి కావు. ఆయన ఖాళీగా ఉన్న ఎడమ పక్కంతా ఉత్తరం రాసేవారు, కాబట్టి పూర్తి స్టాంపు. ఉత్తరాలు రాసే తీరిక లేకనే లండన్‌లో హెన్రీ కోల్ 1843లో మొదటి క్రిస్మస్ కార్డులు అచ్చు వేయించాడని నేను పిల్లలకు పాఠం చెప్పేదాన్ని. మా నాన్న ఆ సౌకర్యాన్ని ఏనాడూ ఒప్పుకోలేదు. 1985లో గుడివాడ మావయ్యకు రాసిన కార్డు మావయ్య పోయాక మళ్ళీ మా చేతికొచ్చింది. అందులో వడ్ల ధర ఉంది, తమ్ముడి లెక్కల మార్కులున్నాయి, గుడి పైకప్పుకు పెంకులు ఎన్ని కావాలో ఉంది. పండగ మాట చివరి రెండు లైన్లే.

దీన్ని రెండు వైపులా చదివేట్టు కార్నర్లతో పెట్టాను.

డిసెంబర్ 14, శనివారం

ఇవాళ్టి మాటలు పొల్లు పోకుండా రాసుకోవాలి.

1977కి ముందువి మా దగ్గర ఉన్నది ఒకటే, అమ్మా నాన్నల పెళ్ళి ఫొటో, 1962, బందరు స్టూడియోలో తీసింది. మావయ్య దగ్గర ఉన్న కాపీ కాబట్టి ఉప్పెన తప్పించుకుంది, గోడకు ఎత్తుగా వేలాడదీశాం కాబట్టి బుడమేరు తప్పించుకుంది. మొదటి పేజీ దానిది. రెండో పేజీ నల్లగా ఖాళీగా ఉంటే ఏం చేయాలో తోచక అమ్మను అడిగాను: "ట్రంకు పెట్టెలో ఉన్నవాటిలో నీకు బాగా గుర్తున్న ఫొటో ఏది?"

అమ్మ ఆలోచించలేదు. "76 క్రిస్మస్‌ది."

అప్పుడు చేశాను ఈ పని. ఫొటో ఉండాల్సిన చోట నాలుగు కార్నర్లు అంటించాను, మధ్యలో ఏమీ లేకుండా. ఆ ఖాళీలో తెల్ల పెన్సిల్‌తో అమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తూ పోయాను.

"గుడి మెట్ల మీద తీశాడు. మూడుకాళ్ళ కెమెరా, నల్ల గుడ్డ కప్పుకునేవాడు. అవనిగడ్డ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. పై మెట్టు మీద మీ నాయనమ్మ, కళ్ళజోడు తీసేసి చేతిలో పట్టుకుంది. ఆ పక్కన మీ నాన్న, తెల్ల పంచె. నేను తమ్ముణ్ణి ఎత్తుకున్నా, వాడు కదిలాడు, మొహం రెండుగా పడింది. నువ్వు కింది మెట్టు మీద, నిమ్మపండు రంగు లంగా."

"ఎర్ర లంగా కదమ్మా?"

"నిమ్మపండు రంగు. బందర్లో నేను కొన్నా, నాకు తెలీదా? ఎర్రది మరుసటేడుకి కొని పెట్టింది, నువ్వు కట్టుకోనే లేదు."

నలుపు తెలుపు ఫొటో. దానిలో లేని రంగు అమ్మ దగ్గర ఉంది. నేను ఇన్నాళ్ళూ గుర్తుంచుకున్నది కట్టుకోని లంగా అన్నమాట. కుడి పక్క మెట్టు మీద ఎవరని అడిగితే చాలాసేపు కళ్ళు మూసుకుని, "ఎవరో చిన్నపిల్ల. పక్కింటి వాళ్ళ పిల్ల. ఫొటో తీస్తున్నారని పరిగెత్తుకొచ్చింది. ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదు," అంది.

ఆ పిల్ల పేరు అమ్మకు గుర్తు రాలేదు. రాత్రి నిద్రపోయే ముందు పిలిచి చెప్పింది. ఆ పేరు పుస్తకంలో రాశాను, ఇక్కడ రాయను.

డిసెంబర్ 18, బుధవారం

ఇలాంటి ఖాళీ పేజీలు నాలుగయ్యాయి. 1977 క్రిస్మస్‌కి అసలు ఫొటోయే లేదు. ఆ ఏడు పండగ ఆదివారం వచ్చింది. గుడి గోడలు రెండే నిలబడ్డాయి. ఎవరో పంపిన బట్టల మూటలోంచి నాకు వచ్చిన గౌను భుజాల మీద నిలిచేది కాదు, అమ్మ పిన్నీసులు పెట్టింది. ఆ పేజీలో ఒక పిన్నీసు కుట్టాను.

డిసెంబర్ 22, ఆదివారం

మనవరాలు వచ్చింది హైదరాబాదు నుంచి. ఎనిమిదేళ్ళు. బడిలో స్క్రాప్‌బుక్ చేయిస్తున్నారట, మెరుపు స్టిక్కర్లు, నక్షత్రాల టేపు, రంగు పెన్నులు సంచి నిండా తెచ్చింది. నా నల్ల పేజీలు చూసి, "అమ్మమ్మా, ఇది ఏడుపు పుస్తకంలా ఉంది," అంది.

ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. అది నిజం కూడా. మా పండగలు ఏడుపు పండగలు కావు. డిసెంబరు మొదలైతే గోడలకు సున్నం, వెదురు బద్దలతో చుక్క కట్టి గాజు కాగితం అంటించి లోపల చిమ్నీ దీపం పెట్టడం, తాటిచెట్టంత గడకి దాన్ని ఎక్కించడం, క్రిస్మస్ చెట్టుకు సరుగుడు కొమ్మ కొట్టుకురావడం. క్యారల్స్ పాడుతూ ఊళ్ళో తిరిగేటప్పుడు పెట్రోమాక్స్ లైటు తలమీద పెట్టుకుని ముందొకరు, వెనక డోలక్, తాళాలు, దుప్పట్లు కప్పుకున్న పిల్లలు. అర్ధరాత్రి ఏ ఇంటి ముందు పాడినా తలుపు తెరిచేవాళ్ళు, హిందువుల ఇళ్ళతో సహా. మరమరాల ఉండలు పెట్టేవాళ్ళు. పాటకు ముందే ఏ ఇంట్లో ఉండలు పెద్దవో మాకు తెలుసు.

ఇవన్నీ అమ్మ దానికి చెప్పింది. చిన్నది వింటూ వింటూ ఒక ఖాళీ చట్రంలో చుక్క బొమ్మ గీసేసింది. ఆపబోయి ఊరుకున్నాను. కానీ ఒక పట్టు పట్టాను: బొమ్మ కింద తన పేరు, "2024లో తాతమ్మ చెప్పగా గీసింది" అని రాయించాను. రేపు ఎవరైనా చూస్తే అది ఆనాటి బొమ్మ అనుకోకూడదు. స్టిక్కర్లకు వెనక నుంచి పది పేజీలు ఇచ్చేశాను, అవి దాని పేజీలు.

డిసెంబర్ 24, మంగళవారం

పొద్దుటి నుంచి పొయ్యి దగ్గరే. అరిసెలు, గులాబీ పువ్వులు, కజ్జికాయలు. అమ్మ పాకం చూసింది, నీళ్ళ పళ్ళెంలో చుక్క వేసి వేళ్ళతో ఉండ చేసి, "ఊఁ," అంది. అంతే కొలత. దాన్ని పుస్తకంలో ఎలా రాయను? చివరకు ఇలా రాశాను: ఉండ పళ్ళేనికి కొడితే ఠంగుమనకూడదు, అతుక్కోకూడదు.

మా ఊళ్ళో అరిసెలు మా ఇంటి నుంచి డిసెంబరులో వెళ్ళేవి, పొరుగిళ్ళ నుంచి జనవరిలో సంక్రాంతికి వచ్చేవి. పళ్ళెం ఖాళీగా తిప్పి పంపేవాళ్ళు కాదు, గుప్పెడు బియ్యమో రెండు అరటిపళ్ళో ఉండేవి. ఇవాళ పై వాటా వాళ్ళకు పళ్ళెం ఇచ్చి వచ్చాను. సెప్టెంబరులో అమ్మను ఆరు రాత్రులు తమ మంచం మీద పడుకోబెట్టుకున్నవాళ్ళు. వాళ్ళు తిప్పి పంపిన పళ్ళెంలో పసుపు కొమ్ములున్నాయి.

డిసెంబర్ 25, బుధవారం

తెల్లవారుజామున ఆరాధనకు అమ్మ చక్రాల కుర్చీలో వచ్చింది. పాటలన్నీ పుస్తకం లేకుండా పాడింది.

మధ్యాహ్నం టీవీలో మెదక్ చర్చి చూపించారు. 1924లో ఇదే రోజు దాన్ని ప్రతిష్ఠించారు, ఇవాళ్టికి వందేళ్ళు. కరువు రోజుల్లో పోస్నెట్ దొర జనానికి పని, తిండి దొరకాలని కట్టించిన గుడి. మేము 1986లో వెళ్ళాం. గుడి ముందు నలుగురం నిలబడ్డ రంగు ఫొటో మిగిలినవాటిలో ఉంది, కానీ ఆకాశం, గోడ, మా మొహాలు అన్నీ కుంకుమ నీళ్ళలో ముంచినట్టు ఎర్రబారాయి. ఇది బుడమేరు పని కాదు. ఆ కాలపు రంగు కాగితాల్లో నీలిరంగు ముందు వెలిసిపోతుంది, ఎరుపు మిగులుతుంది, పెట్టెలో దాచినా అంతే. ఫొటో కింద రాశాను: ఆ రోజు ఆకాశం నీలం. లోపల అద్దాల కిటికీలో యేసు పుట్టుక బొమ్మ, వెనక నుంచి ఎండ పడితే వెలిగింది. నాన్న టోపీ తీసి చాలాసేపు చూశారు.

పుస్తకం అమ్మ ఒళ్ళో పెట్టాను. రెండో పేజీ దగ్గర ఆగి, ఖాళీ చట్రం మీద చెయ్యి ఆనించి అలాగే ఉంచింది. తర్వాత, "మీ నాయనమ్మ చేతిలో కళ్ళజోడు రాశావా?" అంది. రాశానన్నాను.

జనవరి 1, 2025, బుధవారం

రాత్రి గుడిలో కొత్త సంవత్సరపు ఆరాధన. అమ్మ రాలేకపోయింది, బైబిల్ మాట ఉన్న వాగ్దాన కార్డు ఆమె తరఫున చిన్నది తీసి తెచ్చింది. దాన్ని చివరి పేజీలో పెట్టాం.

పేజీలన్నీ ఫోన్‌తో ఫొటోలు తీసి తమ్ముడికీ అమ్మాయికీ పంపాను. పేర్లు తెలియని మొహాలు ఇంకా ఆరున్నాయి. రోజుకొకటి అమ్మను అడుగుతాను.

పుస్తకం గుడ్డలో చుట్టి గోడ అల్మైరా పై అరలో పెట్టాను. టేపుతో కొలిచాను, నేల నుంచి ఆరడుగుల రెండంగుళాలు. సెప్టెంబరు మరక గోడ మీద నాలుగున్నర అడుగుల దగ్గర ఉంది.